ఫ్యాక్టరీ లీగల్ సెక్షన్‌లో ఉన్నవాళ్లు చట్టాల మార్పులతో అప్‌డేట్‌గా ఉండడం ఎలా: రాయగడ సైడు నుంచి పూర్తి గైడ్

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం సైడు కంపెనీల్లో లా ఆఫీసర్లుగా చేరిన కుర్రాళ్లు, అమ్మాయిలు నన్ను ఎప్పుడూ ఒకటే అడుగుతారు. "సార్, కోర్టుకెళ్లే లాయర్లకైతే బార్ రూమ్‌లో రోజూ ఏదో ఒకటి చెవిన పడుతుంది, మేం ప్లాంట్‌లో కూర్చుని కొత్త చట్టాలు ఎలా ఫాలో అవ్వాలి, హైకోర్టు చూస్తే కటక్‌లో, మాట్లాడుకునే ఫ్రెండ్స్ చూస్తే వైజాగ్‌లో" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇది రాస్తున్నా.

ముందే ఒక మాట. అప్‌డేట్ అవ్వడమంటే చాలామంది చదవడం అనుకుంటారు. నా లెక్కలో, చదివిన తర్వాత మీ ఆఫీసులో ఏదో ఒక కాగితం మారితేనే అది అప్‌డేట్. అగ్రిమెంట్ ఫార్మాటో, రిజిస్టరో, గేట్ దగ్గర సెక్యూరిటీ వాళ్లకిచ్చిన ఇన్‌స్ట్రక్షనో ఏదైనా పర్లేదు. ఏదీ మారలేదంటే మీరు చదివింది పేపరే. కింద స్టెప్పులన్నీ ఈ లెక్కలోనే పెట్టా.

1. ముందు మీ కంపెనీకి తగిలే చట్టాల లిస్టు రాయండి

దీన్నే లీగల్ రిజిస్టర్ అంటాం, ఎక్సెల్ షీట్ చాలు, సాఫ్ట్‌వేర్ కొనమని ఎవడైనా వస్తే మొదటి సంవత్సరం వద్దనండి. ఈ లిస్టు లేకపోతే దేశంలో వచ్చే ప్రతి జడ్జిమెంటూ మనదే అనిపిస్తుంది, నెల తిరిగేసరికి విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు.

లిస్టు టేబుల్ దగ్గర కూర్చుని రాయకండి. ఒక రెండు రోజులు ప్లాంటంతా తిరగండి. హెచ్ఆర్, స్టోర్స్, అకౌంట్స్, పర్యావరణం చూసే ఇంజినీరు, కాంట్రాక్ట్ లేబర్‌ని చూసే సూపర్‌వైజరు, కాటా దగ్గర కూర్చునే అబ్బాయి, అందర్నీ ఒకటే ప్రశ్న అడగండి: "మీ పని మీద ఏ గవర్నమెంట్ ఆఫీసు నుంచి ఎవరొచ్చి కాగితాలు అడగొచ్చు?" చట్టం పేరు వాళ్లకి తెలీదు గానీ ఎవరొస్తారో మాత్రం మనకన్నా బాగా తెలుసు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు, పొల్యూషన్ బోర్డు, పీఎఫ్, జీఎస్టీ, తూనికలు కొలతలు, ఫారెస్టు, తహసీల్దారు. వాళ్లు చెప్పిన ఆఫీసు నుంచి వెనక్కి వెళ్తే చట్టం దొరికేస్తుంది.

షీట్‌లో ఈ కాలమ్స్ చాలు:

☐ చట్టం పేరు, దాని కింద రూల్స్ పేరు
☐ కేంద్రానిదా, ఒడిశాదా, పక్క రాష్ట్రానిదా
☐ మన దగ్గర ఎవరి పని మీద పడుతుంది (మనిషి పేరు రాయండి, డిపార్ట్‌మెంట్ పేరు రాస్తే ఎవరూ చెయ్యరు)
☐ మన ఏ కాగితంలో ఈ చట్టం మాట ఉంది
☐ ఆఖరిసారి ఎప్పుడు చూశాం

నాలుగో కాలమ్ చాలా ముఖ్యం, అందరూ వదిలేసేది కూడా అదే. రేపు చట్టం మారినప్పుడు ఏ ఫార్మాట్లు మార్చాలో చెప్పేది ఆ కాలమే.

2. బోర్డర్‌లో ఉన్నాం కాబట్టి రాష్ట్రం కాలమ్ జాగ్రత్త

మన సైడు ప్రత్యేకంగా వచ్చే తప్పు ఇది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తా. మనలో చాలామంది వైజాగ్‌లోనో శ్రీకాకుళంలోనో లా చదివాం, నోట్సులు ఆంధ్రావి, సీనియర్లు ఆంధ్రా వాళ్లు, వాట్సాప్ గ్రూపులూ వాళ్లవే. దాంతో తెలీకుండానే ఆంధ్రా చట్టం తెచ్చి ఒడిశా భూమి మీద పెట్టేస్తాం.

మంచి ఉదాహరణ భూమిదే. ఏజెన్సీ భూమి అనగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "వన్ ఆఫ్ సెవెంటీ". అది ఆంధ్రా, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాలది, 1959 రెగ్యులేషన్‌ని 1970లో మార్చారు, దాని కింద గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఒడిశాలో ఉన్నది వేరే, 1956 నాటి రెగ్యులేషన్ 2. అది గిరిజనుడు గిరిజనేతరుడికి చేసే బదిలీ మీద గురి పెట్టింది, 2002లో సవరించి ఇంకా గట్టి చేశారు. రెండింటి ఉద్దేశం ఒకటే గానీ అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఇక్కడ గోడౌన్ కోసం స్థలం చూస్తున్నప్పుడు అమ్మేవాడు గిరిజనేతరుడైనంత మాత్రాన ఊరుకోకూడదు, 1956 నుంచి ఆ భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికొచ్చిందో వెనక్కి తవ్వాలి, మధ్యలో ఒక గిరిజన కుటుంబం పేరు కనిపిస్తే అక్కడ ఆగిపోవాలి. ఇంకోటి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు మొత్తం షెడ్యూల్డ్ ఏరియా (గిరిజన ప్రాంతంగా ప్రకటించినది), గజపతి జిల్లాలో కొంత భాగమే, బరంపురం టౌను కాదు. కాబట్టి "ఒడిశా బోర్డర్" అని ఒకే గాటన కట్టేస్తే కుదరదు.

రాయగడ సైడు గ్రామసభ మాట ఎంత బరువుందో 2013 ఏప్రిల్ 18 నాటి సుప్రీంకోర్టు నియమగిరి తీర్పు (ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకం గురించినది) తర్వాత కొత్తగా చెప్పక్కర్లేదు, 12 ఊళ్ల గ్రామసభలు వద్దన్నాయి, మైనింగ్ ఆగింది. భూమి, అడవి లైన్లు మీ రిజిస్టర్‌లో అన్నిటికన్నా పైన ఉండాలి.

కనీస వేతనాల నోటిఫికేషన్లు, ప్రొఫెషన్ ట్యాక్స్, స్టాంపు డ్యూటీ, షాపుల చట్టం, ఇవన్నీ కూడా రాష్ట్రం దాటితే మారిపోతాయి. పార్వతీపురంలో సేల్స్ ఆఫీసుందా, వైజాగ్ పోర్టులో మీ మనిషి ఉన్నాడా, అయితే వాళ్లకి ఆంధ్రా లైను వేరే పెట్టండి.

3. సోర్సులు: ఎవర్ని ముందు నమ్మాలి

వరస ఇది. పైనున్నది కిందున్నదానికన్నా గట్టిది.

ఒకటి, గెజిట్. కేంద్రానికి ఈ-గెజిట్ సైటు, మనకి ఒడిశా గెజిట్. చట్టం అమల్లోకి వచ్చిందా లేదా అన్నది తేలేది ఇక్కడే.

రెండు, ఆ డిపార్ట్‌మెంట్ సొంత సైటు. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ, లేబర్, ఒడిశా పొల్యూషన్ బోర్డు, జీఎస్టీ. సర్క్యులర్లు ఇక్కడ పడతాయి.

మూడు, కోర్టు సైట్లు. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్‌లో ఫ్రీగా దొరుకుతున్నాయి, కొన్నిటికి తెలుగు, ఒడియా అనువాదాలూ ఉన్నాయి, ప్లాంట్ వాళ్లకి చూపించడానికి బాగుంటాయి గానీ కోర్టులో చూపించాల్సింది ఇంగ్లీషుదే. ఒడిశా హైకోర్టు సైటు రోజూ కాకపోయినా వారానికోసారి చూడాలి.

నాలుగు, ఇండియా కోడ్, అంటే చట్టాల పాఠాలు పెట్టే గవర్నమెంట్ సైటు. చట్టం పూర్తి పాఠం చదువుకోడానికి మంచిదే, కానీ రాష్ట్ర సవరణలు అన్నీ అందులో ఎక్కి ఉంటాయన్న భరోసా పెట్టుకోకండి.

ఐదు, లా ఫర్ముల ఈమెయిల్ న్యూస్‌లెటర్లు, లీగల్ న్యూస్ సైట్లు. ఇవి గంట కొట్టేవి మాత్రమే, గుడి కాదు. రెండు పెట్టుకోండి, మూడోది వచ్చిందంటే ఒకటి తీసెయ్యండి. నాకొకప్పుడు పదకొండు వచ్చేవి, ఒక్కటీ పూర్తిగా చదివిన పాపాన పోలేదు.

వాట్సాప్‌కి ఈ వరసలో చోటు లేదు, దాని సంగతి తర్వాత.

ఒడియా సంగతి: జిల్లా ఆఫీసుల నుంచి వచ్చే నోటీసులు, కొన్ని నోటిఫికేషన్లు ఒడియాలో ఉంటాయి. మనలో చాలామందికి మాట్లాడ్డం వచ్చు, అక్షరాలు కూడబలుక్కుని చదువుతాం, లీగల్ ఒడియా మాత్రం అర్థమైనట్టే ఉండి కాదు. "అర్థమైంది లెండి" అని సంతకం పెట్టకండి. ఆఫీసులో చదవగలిగే ఒక ఒడియా కొలీగ్‌ని పట్టుకుని, గడువు తేదీ ఏది, చెయ్యాల్సిన పని ఏది అన్న రెండు వాక్యాలు మీ ముందే చదివించుకోండి, ఆరు నెలలు ఇలా చేస్తే మీకే వచ్చేస్తుంది.

4. వారంలో టైము ఎక్కడ దొరుకుతుంది

దొరకదు. దొంగిలించాలి.

నా పద్ధతి, సోమవారం పొద్దున్న ప్లాంట్ మీటింగ్‌కి ముందు 40 నిమిషాలు, ఫోన్ సైలెంట్, గెజిట్లు, రెండు న్యూస్‌లెటర్లు, హైకోర్టు సైటు. అప్పుడు పూర్తిగా చదవను, రిజిస్టర్‌లో ఉన్న చట్టానికి తగిలేదుంటే లింకు తీసి ఒక ఫోల్డర్‌లో పడేస్తానంతే. గురువారం సాయంత్రం ఒక గంట, అప్పుడు ఆ ఫోల్డర్ తెరిచి అసలు పాఠం చదవడం. ఏరడం, చదవడం రెండూ ఒకే పూట పెట్టుకుంటే రెండూ చెడతాయి, ఇది నేను చాలాసార్లు చెడగొట్టుకుని నేర్చుకున్నది.

ఇద్దరు ముగ్గురున్న టీమైతే చట్టాలు పంచుకోండి, రోజులు పంచుకోకండి. "లేబర్ నీది, ఎన్విరాన్‌మెంట్ నాది" అంటే ఎవరో ఒకరికి లోతు వస్తుంది. ఆర్నెల్లకోసారి మార్చుకోండి, లేకపోతే లేబర్ చూసే అమ్మాయి పెళ్లికి సెలవు పెట్టిందంటే ఇక ఆఫీసు మొత్తానికి లేబర్ చట్టం సెలవే.

ఒక్కరే ఉంటే? పక్క కంపెనీ లా ఆఫీసరుతో నెలకోసారి టీ. కంపెనీ రహస్యాలు మాట్లాడకండి, చట్టం మాత్రమే.

5. ఒక మార్పు కనపడ్డాక వరసగా అడగాల్సినవి

ఈ స్టెప్పే అసలు పని. ప్రతి మార్పుకీ ఒక పేజీ పెట్టి ఇవి రాయండి:

☐ ఇది బిల్లా, చట్టమా, నోటిఫై అయిన రూలా, డ్రాఫ్టా?
☐ ఏ తేదీ నుంచి అమలు? మొత్తమా, కొన్ని సెక్షన్లేనా?
☐ పాత వ్యవహారాలకి ఏది వర్తిస్తుంది?
☐ ఒడిశాకి వేరే రూల్స్ కావాలా?
☐ మన ఏ కాగితం మారాలి?
☐ ఎవరికి చెప్పాలి, ఏ తేదీలోపు?
☐ చెయ్యకపోతే ఏం పడుతుంది?

ఉత్తినే చెప్తే ఎక్కదు, నా తప్పే చెప్తా. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియమం వచ్చాయి. నేను శ్రద్ధగా కొత్త నంబర్లన్నీ బట్టీ పట్టా, 420 (మోసం) అంటే 318(4), 406 (నమ్మకద్రోహం) అంటే 316(2), ఎఫ్ఐఆర్ 154 కాస్తా 173, అడిగినవాళ్లందరికీ చెప్పి గొప్పగా ఫీలయ్యా. ఆ సంవత్సరం చివర్లో బొగ్గు లారీల తూకంలో తేడా వచ్చి ఒక ట్రాన్స్‌పోర్టర్ మీద రికవరీ కేసు వెయ్యాల్సొచ్చింది, కాటా కంప్యూటర్ రికార్డు, గేట్ సీసీటీవీ మన సాక్ష్యం. కంప్యూటర్ రికార్డుని కోర్టు తీసుకోవాలంటే దాంతో పాటు పెట్టే సర్టిఫికెట్‌కి, మా కంప్యూటర్‌లో ఉన్న పాత ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 65బి ఫార్మాట్ తీసి పేరు మార్చి ఇచ్చేశా. అవతలి లాయర్ లేచి అభ్యంతరం పెట్టాడు, మళ్లీ కొత్తగా వేసుకోవాల్సొచ్చింది, రెండు వాయిదాలు పోయాయి.

65బి పోయి సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 వచ్చిందని నాకు తెలుసు, తెలిసి కూడా ఫార్మాట్ మార్చలేదు, తప్పు అక్కడుంది. కొత్త సర్టిఫికెట్ నమూనా ఆ చట్టం వెనక షెడ్యూల్‌లోనే ఉంది, రెండు భాగాలు. మొదటిది రికార్డు తెచ్చి ఇచ్చేవాళ్లు నింపాలి, రెండోది ఎక్స్‌పర్ట్ నింపాలి. హ్యాష్ విలువ రాయాలి, ఏ పద్ధతిలో తీశారో టిక్ పెట్టాలి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, ఫైల్లో ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. అంటే కాపీ తీసిన రోజే ఐటీ అబ్బాయి హ్యాష్ తీసి రాసిపెట్టాలి, కేసేసే రోజు కాదు.

ఇప్పుడు పై ప్రశ్నలు దీనికి పెట్టి చూడండి. అమలు తేదీ, 2024 జులై 1. పాత వ్యవహారాలు, అప్పటికే పెండింగ్‌లో ఉన్న కేసులకి పాత ఎవిడెన్స్ యాక్టే, కాబట్టి రెండు ఫార్మాట్లూ దగ్గరుండాలి. మారాల్సిన కాగితాలు, సర్టిఫికెట్ ఫార్మాటు, సీసీటీవీ కాపీ ఇచ్చే రిజిస్టరు, పోలీసుల నుంచి వచ్చే నోటీసుకి మా జవాబు ఫార్మాటు (పాత సీఆర్‌పీసీ 91, ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 94). చెప్పాల్సినవాళ్లు, ఐటీ, సెక్యూరిటీ, కాటా. నంబర్ల పట్టిక ఒకటి ప్రింటు తీసి గోడకి అంటించడం తేలిక, ఈ నాలుగూ చెయ్యడమే పని.

6. సగం వచ్చి సగం రాని చట్టాలతో ఎలా

ఎక్కువ కన్ఫ్యూజన్ ఇక్కడే. రెండు ఉదాహరణలు చాలు.

లేబర్ కోడ్‌లు. 2019లో ఒకటి, 2020లో మూడు పాసయ్యాయి, అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. 29 చట్టాల స్థానంలో నాలుగు. జీతం నిర్వచనం మారింది, అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన ముక్క జీతంలో కలుస్తుంది, దాని మీదే గ్రాట్యుటీ లెక్కలు మారతాయి. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్లకి ఏడాది చేస్తే గ్రాట్యుటీ. స్టాండింగ్ ఆర్డర్స్ (ప్లాంట్‌లో కార్మికుల ఉద్యోగ నియమాలు) 300 మంది కార్మికుల దగ్గర మొదలవుతాయి. కోడ్ కేంద్రానిదే అయినా రోజువారీ ఫారాలు, రిజిస్టర్లు చాలావరకు రాష్ట్ర రూల్స్‌లో ఉంటాయి, పాత రూల్స్ కొత్త కోడ్‌తో గొడవ పడనంతవరకు నడుస్తాయి. కాబట్టి రిజిస్టర్‌లో ఈ నాలుగింటికీ ఒక్కొక్కదానికి మూడు గడులు పెట్టండి: కోడ్ ఏం చెప్పింది, ఒడిశా రూల్ ఏ స్థితిలో ఉంది, ఈ నెల మనం దేని ప్రకారం చేస్తున్నాం. మూడో గడి ఖాళీగా ఉంచొద్దు, హెచ్ఆర్ అబ్బాయికి కావాల్సింది ఆ ఒక్క గడే.

వ్యక్తిగత డేటా చట్టం. 2023 ఆగస్టులో చట్టమైంది, రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి. మధ్యలో ఎంతమంది వచ్చి "వెంటనే కంప్లయన్స్ చెయ్యకపోతే కోట్ల ఫైన్" అని భయపెట్టి కన్సల్టెన్సీ అమ్మబోయారో! తేదీ తెలిస్తే భయం ఉండదు. అలాగని 18 నెలలుంది కదా అని పడుకోవడమూ కాదు, కాంట్రాక్ట్ లేబర్ ఆధార్ జెరాక్సులు ఎన్ని బీరువాల్లో ఎన్ని కాపీలున్నాయో లెక్కపెట్టడం ఈ వారమే మొదలెట్టొచ్చు.

7. ప్లాంట్ వాళ్లకి చెప్పే నోటు

ఆరు పేజీల మెమో రాస్తే ప్లాంట్ హెడ్ "చూస్తాలెండి" అంటాడు, అంతే. ఒక పేజీ, పెద్ద అక్షరాలు. సెక్షన్ నంబర్ అడుగున. నమూనా ఇది, బకాయిల గురించి అకౌంట్స్‌కి రాసింది (ఉద్యమ్ అంటే చిన్న పరిశ్రమలకి గవర్నమెంట్ ఇచ్చే రిజిస్ట్రేషన్):

"చిన్న వెండర్ల బిల్లులు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న మైక్రో, స్మాల్ సప్లయర్‌కి రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు కట్టాలి. ఒప్పందంలో 60 రోజులని రాసుకున్నా చెల్లదు. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి, స్మాల్ అంటే టర్నోవర్ 100 కోట్ల దాకా, కాబట్టి నిరుడు ఈ లిస్టులో లేని వెండరు ఇప్పుడు ఉండొచ్చు. చెయ్యాల్సింది: స్టోర్స్ వాళ్లు అందరు వెండర్ల దగ్గరా ఉద్యమ్ సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవాలి. ఎవరు: స్టోర్స్ ఇన్‌చార్జి. ఎప్పటికి: 20వ తేదీ."

చూశారా, మార్పు, ఎప్పట్నుంచి, ఎవరు, ఎప్పటికి. అంతే. షిఫ్ట్ వాళ్లకైతే నోటు కూడా వద్దు, షిఫ్ట్ మారే టైముకి గేట్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి తెలుగులో, ఒడియాలో, రాయ్‌పూర్ నుంచొచ్చిన వాళ్లుంటే హిందీలో చెప్పండి. ఒకసారి మా సెక్యూరిటీ సూపర్‌వైజరు "బాబూ, మీరు కాగితం ఇస్తే దాచుకుంటాం, నోటితో చెబితే చేస్తాం" అన్నాడు, అప్పట్నుంచి రెండూ చేస్తున్నా.

పంపేశాక పది రోజులకి వెళ్లి చూడండి. మారిందా? మారకపోతే నోటు తప్పు, వాళ్లు కాదు.

8. మన వృత్తి సంగతులు కూడా చట్టమే

కంపెనీ చట్టాలు చూస్తూ సొంత ఇల్లు మర్చిపోతాం.

సనద్ (అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ అయిన సర్టిఫికెట్): ఫుల్ టైమ్ జీతం తీసుకునే ఉద్యోగి అడ్వొకేట్‌గా ప్రాక్టీస్ చెయ్యకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 49. చేరగానే మీ పేరున్న రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీస్ ఆపాలి. ఆంధ్రా బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి ఒడిశాలో ఉద్యోగం చేస్తున్నవాళ్లు చాలామంది ఈ ఉత్తరం రాయనే లేదు. ఇవాళ రాసెయ్యండి, కాపీ దాచుకోండి.

రహస్యం: 2025 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు తేల్చింది, కంపెనీ జీతం మీదున్న లా ఆఫీసరుకి సాక్ష్య అధినియమం సెక్షన్ 132 కింద అడ్వొకేట్లకుండే రక్షణ (క్లయింటు చెప్పింది బయటపెట్టక్కర్లేదన్నది) లేదని. కంపెనీ బయటి లాయరుతో చేసే సంప్రదింపులకి సెక్షన్ 134 కింద కొంత రక్షణ ఉంది గానీ యజమానికీ మనకీ మధ్య నడిచే ఈమెయిళ్లకి అది రాదు. దీనికి మారాల్సిన కాగితం ఏది? ఈమెయిల్ అలవాటే. పైన "లీగల్లీ ప్రివిలేజ్డ్" అని పెద్దక్షరాల్లో పెట్టేసి ఏదైనా రాసెయ్యొచ్చన్న ధీమా వదిలెయ్యాలి. యాక్సిడెంట్, రెయిడ్, మోసం లాంటి సున్నితమైన విషయాలొస్తే మొదటి రోజే బయటి అడ్వొకేట్‌ని పెట్టుకుని ఆయన సలహా రాతలో తీసుకోవడం, మన నోట్‌లో జరిగింది మాత్రమే రాయడం, ఊహలు రాయకపోవడం. మేనేజ్‌మెంట్‌కి కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, తర్వాత చెబితే మనమే దాచినట్టు ఉంటుంది.

ట్రైనింగ్: మన దేశంలో లాయర్లు ఏటా ఇన్ని గంటలు చదివి తీరాలన్న నిబంధన లేదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్లకి ఏడాదికి 16 గంటలుండేది, 2016 నవంబర్‌లో దాన్నీ తీసేసి, నీ పనికి ఏం కావాలో నువ్వే చూసుకుని నేర్చుకో, రాసి పెట్టుకో అన్నారు. మనమూ అదే చెయ్యొచ్చు: ఏం తెలీలేదు, ఎక్కడ నేర్చుకున్నా, దాంతో ఏం మార్చా, మూడు కాలమ్స్. అప్రైజల్ టైముకి కూడా పనికొస్తుంది.

కోర్టు వాసన పోకుండా ఒడిశా హైకోర్టు లైవ్ స్ట్రీమ్ అప్పుడప్పుడు పెట్టుకోండి. మీ కేసు బయటి లాయర్ వాదిస్తుంటే చూసి, సాయంత్రం ఫోన్ చేసి "సార్, ఆ పాయింట్ ఎందుకు వదిలేశారు" అని అడగండి. రెండు వెబినార్ల కన్నా ఆ ఒక్క ఫోన్‌లో ఎక్కువ నేర్చుకోవచ్చు.

9. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

వాట్సాప్ తీర్పు. "సుప్రీంకోర్టు సంచలన తీర్పు" అని వస్తుంది, కేసు పేరుండదు. దారి: న్యూట్రల్ సైటేషన్ అడగండి, 2023 నుంచి సుప్రీంకోర్టు తీర్పులకి సంవత్సరం, ఐఎన్ఎస్‌సీ, నంబరు ఉంటుంది. అది చెప్పలేకపోతే డిలీట్.

ఏఐ చెప్పిన కేసు. డ్రాఫ్టు బాగా రాస్తుంది, కేసులు మాత్రం పుట్టిస్తుంది. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ అవియాంకా కేసులో లాయర్లు లేని తీర్పులు చూపించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. మన దగ్గరా బెంగళూరు ఇన్‌కమ్ ట్యాక్స్ ట్రిబ్యునల్ 2024 డిసెంబర్‌లో ఇచ్చిన, ఇలాగే లేని తీర్పులు చేరిన సొంత ఆర్డరుని తర్వాత వెనక్కి తీసుకుంది. దారి: ఏఐ ఇచ్చిన ప్రతి కేసూ కోర్టు సైటులో తెరిచి, మీకు కావాల్సిన పేరా కళ్లతో చూశాకే వాడండి. కంపెనీ అగ్రిమెంట్లు, కార్మికుల పేర్లు అందులో పెట్టొద్దు.

పాత నోటుని నమ్మడం. 2025 మే 16న వనశక్తి కేసులో సుప్రీంకోర్టు, పని మొదలెట్టాక తర్వాత తీసుకునే పర్యావరణ అనుమతులు కుదరవంది. ఇక్కడ మైన్స్, రిఫైనరీల వాళ్లంతా నోట్లు రాసుకున్నారు. నవంబర్ 18న ముగ్గురు జడ్జిల బెంచి 2:1తో దాన్ని రీకాల్ చేసింది, అంటే వెనక్కి తీసుకుంది. ఆరు నెలలే! మే నెల నోటు చూసి డిసెంబర్‌లో సలహా ఇచ్చినవాడి గతేంటి? దారి: ప్రతి నోటు పైన "ఈ తేదీకి సరి" అని రాయండి, మూడు నెలలు దాటిన నోటు మళ్లీ చూడకుండా వాడకండి.

హెడ్‌నోట్ (తీర్పు పైనుండే సారాంశం) చదివి వదిలెయ్యడం. 2025 ఏప్రిల్ 30న గాయత్రి బాలసామి తీర్పొచ్చినప్పుడు "కోర్టు ఆర్బిట్రేషన్ అవార్డు (మధ్యవర్తి ఇచ్చిన తీర్పు) మార్చొచ్చు" అన్న ఒక్క లైనే అందరూ పట్టుకున్నారు. పరిమిత సందర్భాల్లోనే అన్నది లోపలుంది. దారి: ఆఖరి పది పేజీలైనా చదవాలి, భిన్నాభిప్రాయం ఉంటే అదీ.

ఫార్మాట్ మార్చి పాతది తీసెయ్యకపోవడం. కంపెనీ ఎండీనో, ఆయన పెట్టినవాడో ఒక్కడే ఆర్బిట్రేటర్ అని రాసిన పాత కాంట్రాక్టులు ఇంకా తిరుగుతున్నాయి, 2024 నవంబర్ 8న అయిదుగురు జడ్జిలు ఒక పక్షమే ఆర్బిట్రేటర్ని పెట్టడం సమానత్వానికి విరుద్ధమని చెప్పాక కూడా. పర్చేజ్ వాళ్ల డెస్క్‌టాప్ మీద ఉంటుంది ఆ ఫైలు, మీ షేర్డ్ ఫోల్డర్‌లో కాదు. వెళ్లి వాళ్ల కంప్యూటర్‌లో మీ చేత్తో తీసెయ్యండి, అడిగితే "తీసేశాం సార్" అంటారు.

10. గోడకి అంటించుకునే చెక్‌లిస్టు

వారం:
☐ సోమవారం ఏరడం, 40 నిమిషాలు
☐ గురువారం చదవడం, గంట
☐ పెండింగ్ కేసుల వాయిదాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో

నెల:
☐ ఒక పేజీ నోటు, తగిలేది ఉంటేనే (లేకపోతే పంపొద్దు, ఖాళీ నోటు పంపితే తర్వాతది ఎవరూ చదవరు)
☐ పోయిన నెల చెప్పింది మారిందో లేదో ప్లాంట్‌లో తిరిగి చూడడం
☐ పక్క కంపెనీ మిత్రుడితో టీ

మూడు నెలలు:
☐ లీగల్ రిజిస్టర్ మొత్తం, ఒడిశా కాలమ్, ఆంధ్రా కాలమ్ విడివిడిగా
☐ "ఈ తేదీకి సరి" దాటిన నోట్లు
☐ లైంగిక వేధింపుల అంతర్గత కమిటీలో ఎవరైనా బదిలీ అయ్యారా, బయటి సభ్యురాలు ఇంకా ఉన్నారా

సంవత్సరం:
☐ అగ్రిమెంట్ ఫార్మాట్లన్నీ మొదటి లైను నుంచి చదవడం. కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి కాబట్టి టీడీఎస్ క్లాజుల్లో పాత చట్టం 1961 అని ఉన్న ప్రతి చోటా ఆగండి
☐ మీ నేర్చుకున్న లాగ్ మేనేజరుకి చూపించి, వచ్చే ఏడాదికి ఒక డేటాబేస్ సబ్‌స్క్రిప్షనో, కటక్ ప్రయాణాలకి డబ్బో అడగడం

బడ్జెట్ అడిగేటప్పుడు "నాలెడ్జ్ కోసం" అంటే ఇవ్వరు. 65బి ఫార్మాట్ తప్పుతో పోయిన ఆ రెండు వాయిదాలకి మా లాయర్ ఫీజు, కటక్ రానుపోను, బసా కలిపి కాగితం మీద పెట్టి, పక్కనే ఏడాది సబ్‌స్క్రిప్షన్ రేటు రాసి ప్లాంట్ హెడ్ టేబుల్ మీద పెట్టా. ఆయన చదివి, మాట్లాడకుండా సంతకం పెట్టాడు.